యూరియా నుంచి యూరియేజ్ దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని విడిగా తీసి పెట్టుకున్నాను. రాసినవారు వేరు, అడిగిన తీరు వేరు, కానీ ఆరుగురి సందేహానికీ మూలం ఒక్కటే: చిన్న రసాయన సమ్మేళనానికీ, జీవకణంలో ఉండే భారీ అణువుకూ అసలు తేడా ఏమిటి? ముప్ఫై నాలుగేళ్లు జీవరసాయన శాస్త్రం బోధించాను. అందులో సగం కాలం ఎంజైములను శుద్ధి చేసే పనిలోనే గడిచింది. నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. అందుకే మొదటి జవాబు పొడుగైంది, ఓపికగా చదవండి.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మూలకాలు స్థిర నిష్పత్తిలో కలిసి ఏర్పడేది సమ్మేళనం అని రసాయన శాస్త్రంలో నేర్చుకున్నాం. జీవశాస్త్రానికి వచ్చేసరికి ప్రోటీన్లను, డీఎన్ఏను ‘జీవ బృహదణువులు’ అంటున్నారు. వాటిలో ఉన్నవీ ఆ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్లే కదా! మరి ప్రోటీన్ సమ్మేళనమా, కాదా? తేడా పరిమాణంలోనేనా? దీని మీద మా తరగతి రెండుగా చీలిపోయింది. — ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు మీ తగువు తీరుస్తాను. ప్రోటీన్ సమ్మేళనమే. పరమాణువుల మధ్య ఉండే బంధాలు అక్కడా ఇక్కడా ఒకటే, వాటిని నడిపే నియమాలూ ఒకటే. సమ్మేళనం అనేది పెద్ద కుటుంబం పేరు, బృహదణువు అందులో ఒక శాఖ పేరు. ‘ఇది సమ్మేళనమా, బృహదణువా’ అని అడిగితే ‘ఇది చెట్టా, మర్రిచెట్టా’ అని అడిగినట్టే.

కానీ ఇంతటితో ఆపేస్తే నీ ప్రశ్నలోని సారం జారిపోతుంది. తేడా పరిమాణంలోనేనా అన్నావు చూడు, ఆలోచించాల్సింది అక్కడే. రెండు పదార్థాలను పక్కపక్కన పెట్టి చెబుతాను. ఒకటి యూరియా, రెండోది యూరియేజ్.

యూరియాలో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. మొత్తం ఎనిమిది పరమాణువులు. అణుభారం 60. నోటుపుస్తకంలో ఒక మూల చోటు చాలు, బొమ్మ గీసేయవచ్చు. ఏ పరమాణువు దేనితో కలిసిందో ఆ బొమ్మలో చూపించాక యూరియా గురించి ముఖ్యమైనదంతా చెప్పేసినట్టే. దాని స్వభావం ఆ బొమ్మలోంచే వస్తుంది.

యూరియేజ్ ఈ యూరియాను నీటి సాయంతో అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టే ఎంజైమ్, అంటే రసాయన చర్యను వేగంగా నడిపే ప్రోటీన్. జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల్లో దొరికే యూరియేజ్‌ను తీసుకుందాం. అందులో ఆరు గొలుసులు ఉంటాయి, ఒక్కో గొలుసులో 840 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ గొలుసును కట్టే చిన్న ముక్కలు. మొత్తం అణుభారం సుమారు 5,45,000. పరమాణువులు లెక్కపెడితే 70 వేలు దాటతాయి. ప్రతి గొలుసులోనూ ఒక గుంట, ఆ గుంటలో రెండు నికెల్ అయాన్లు. యూరియా అణువు వచ్చి ఆ గుంటలో కూర్చుంటుంది, విడిపోతుంది, ముక్కలు బయటకు పోతాయి, మరొకటి వచ్చి కూర్చుంటుంది. ఒక్కో గుంటలో సెకనుకు వేల యూరియా అణువులు ఇలా విడిపోతాయి. ఎంజైమ్ లేకుండా శరీర ఉష్ణోగ్రత దగ్గర నీళ్లలో వదిలేస్తే, ఉన్న యూరియాలో సగం విడిపోవడానికి దాదాపు మూడున్నరేళ్లు పట్టాలి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన పని యూరియేజ్‌ను శుద్ధి చేయడమే. జేమ్స్ సమ్నర్ 1926లో చూపిన దారినే పట్టుకున్నాను. గింజల పిండిని అసిటోన్ కలిపిన నీటిలో నానబెట్టి, వడకట్టి, వచ్చిన ద్రవాన్ని రాత్రంతా చల్లటి గదిలో ఉంచాలి. తెల్లవారి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఎనిమిది ముఖాల సన్నని స్ఫటికాలు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నాలుగు రోజులు కష్టపడి తెచ్చుకున్న ఆ ఎంజైమును బఫర్ ద్రావణంలో కరిగించి ఒక పరీక్షనాళికలో పోశాను. పక్కన ఇంకో నాళికలో యూరియా ద్రావణం. రెండింటికీ మూత పెట్టి, 30 డిగ్రీలకు వెచ్చబరచాలని నీటి తొట్టెలో దించాను. అంతకుముందు ఎవరో ఆ తొట్టెను 90 డిగ్రీలకు పెట్టి వెళ్లారు. నేను థర్మామీటరు చూడలేదు.

పది నిమిషాల తర్వాత తీసి చూస్తే యూరియా నాళిక ఎప్పటిలాగే నిర్మలంగా ఉంది. ఎంజైమ్ నాళిక మాత్రం పలచని సున్నపునీళ్లలా తెల్లబడింది. రెండింటినీ చల్లార్చి, కలిపి, ఫినాల్ రెడ్ చుక్కలు వేశాను. యూరియేజ్ పనిచేస్తే అమ్మోనియా పుట్టి పసుపు రంగు గులాబీగా మారాలి. పసుపు పసుపుగానే ఉండిపోయింది. గంట తర్వాతా అంతే.

ఆ రోజు నేను ఏడ్చాను. కానీ నాకు ఈ విషయం అర్థమైంది కూడా ఆ రోజే. నాళికకు మూత ఉంది, అందులోంచి ఏదీ బయటకు పోలేదు. అవే కార్బన్లు, అవే నైట్రోజన్లు. గొలుసులో ఒక అమైనో ఆమ్లాన్ని ఇంకొకదానితో కట్టిపెట్టే పెప్టైడ్ బంధాలు పది నిమిషాల వేడికి తెగిపోయేవి కావు, అవీ ఉన్నాయి. బరువు మారలేదు, మూలకాల నిష్పత్తి మారలేదు. మూలకాల లెక్క మాత్రమే అడిగే పరీక్షకు పంపితే నిన్నటి ఎంజైమ్‌కూ ఇవాళ్టి తెల్లటి మడ్డికీ తేడా లేదనే జవాబు వచ్చేది. పోయింది ఒక్కటే, ఆ గొలుసు మడత.

నీకు కావలసిన తేడా అదే. చిన్న సమ్మేళనం తన బంధాలు నిలిచి ఉన్నంతవరకూ తానుగానే ఉంటుంది. ప్రోటీన్‌కు ఆ బంధాలు మాత్రమే చాలవు. పొడవైన గొలుసు తనలో తాను ముడుచుకుని, ఒకానొక ఆకారంలో నిలబడాలి. ఆ ఆకారాన్ని పట్టి ఉంచేవి చాలా బలహీనమైన శక్తులు. రెండు కార్బన్ల మధ్య ఉండే మామూలు బంధాన్ని తెంచడానికి మోలుకు దాదాపు 350 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. అలాంటివి వందలూ వేలూ కలిసి, నీటిని తప్పించుకోవాలని చూసే నూనె స్వభావపు భాగాలు లోపలికి ఒదిగి, ఆ ఆకారం నిలుస్తుంది. ఒక్కో పోగుకు బలం లేకపోయినా అన్నీ కలిస్తే గుడ్డ నిలిచినట్టు. అంత సున్నితంగా ఉండబట్టే ఎంజైమ్ కదలగలదు, తెరుచుకోగలదు, మూసుకోగలదు. 90 డిగ్రీల తొట్టెలో పాడయ్యేదీ అంత సున్నితంగా ఉండబట్టే.

ఆకారం ఎక్కడి నుంచి వస్తుంది? వరుస నుంచి. ప్రోటీన్ గొలుసు కట్టడానికి ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఉన్నాయి. నూరు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు కట్టాలన్నా, వచ్చే వరుసల సంఖ్య ఒకటి పక్కన 130 సున్నాలు. కంటికి, దుర్భిణికి అందే విశ్వమంతటిలోని పరమాణువుల సంఖ్యకు ఒకటి పక్కన 80 సున్నాలు చాలంటారు. ఆ అపారమైన అవకాశాల్లోంచి కణం ఒక వరుసను ఎంచుకుని, తప్పు పోకుండా మళ్లీ మళ్లీ కడుతుంది. ప్లాస్టిక్ సంచిలోని పాలిథీన్ అణువు కూడా భారీదే, కొన్ని రకాల్లో అణుభారం లక్షలు దాటుతుంది. కానీ అందులో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ‘అ అ అ అ’ అని వెయ్యి పేజీలు రాసినా అందులో చదవడానికి ఏముంటుంది? కనుక పరిమాణం ఒక్కటే చాలదు. పరిమాణం వరుసకు చోటు ఇస్తుంది, వరుస ఆకారాన్ని ఇస్తుంది, ఆకారం పని చేస్తుంది.

వరుస ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పడానికి హిమోగ్లోబిన్ చాలు. నాలుగు గొలుసులు, 574 అమైనో ఆమ్లాలు. వాటిలో రెండు బీటా గొలుసుల్లోనూ ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వస్తే కొడవలి కణాల వ్యాధి. 574లో రెండు చోట్ల మార్పు, ఎర్రకణం వంగిపోతుంది, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, మనిషి నొప్పితో విలవిలలాడుతాడు. ఈ వ్యాధికి మూలం అణువులోనే ఉందని లైనస్ పౌలింగ్ బృందం 1949లో చూపింది. మార్పు ఏ అమైనో ఆమ్లంలో ఉందో ఆ తర్వాత కొన్నేళ్లకే వెర్నాన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అమరికకు విలువ బృహదణువుల్లోనే అనుకోవద్దు. యూరియాలోని ఆ ఎనిమిది పరమాణువులే మరోలా అమరితే అమ్మోనియం సయనేట్ అనే వేరే పదార్థం. చిన్న అణువుకు ఉన్న ఈ గుణమే వేల రెట్లు పెరిగి ప్రోటీన్లో కనిపిస్తుంది. మీ తరగతిలో రెండు పక్షాల వాళ్లకూ ఈ మాట చెప్పు.

ప్రశ్న: మన మొదటి క్రోమోజోములోని డీఎన్ఏ ఒకే ఒక అణువు అనీ, సాగదీస్తే ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుందనీ చదివాను. అణువంటే కంటికి కనిపించనంత చిన్నది కదా! ఇది నిజంగా ఒక్క అణువేనా, లేక చిన్న అణువులు అంటుకున్న గుంపా? — ఒక విశ్రాంత ఇంజనీరు

జవాబు: అయ్యా, మీ సందేహం వందేళ్ల కిందట మహామహులకే వచ్చింది. అందుకు సంకోచించకండి.

1920 ప్రాంతంలో చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు మీరన్నట్టే అనుకునేవారు. రబ్బరు, సెల్యులోజ్, ప్రోటీన్లు అంటే చిన్న అణువులు ఏదో బలహీనమైన ఆకర్షణతో గుంపుగా చేరినవే అని వారి నమ్మకం. హెర్మన్ స్టౌడింగర్ ఆ ఏడాది అది తప్పన్నాడు. ఇవి మామూలు రసాయన బంధాలతోనే కట్టిన పొడవైన గొలుసులు, ఒక్కొక్కటీ ఒక్కో అణువు అన్నాడు. అంత పెద్ద అణువులు ఉండవు, ఆ ఆలోచన మానుకో అని తోటి శాస్త్రజ్ఞుడు ఒకరు తనకు హితవు చెప్పినట్టు ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు. మానుకోలేదు. 1953లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈలోగా స్వీడన్‌లో థియోడర్ స్వెడ్‌బెర్గ్ అత్యంత వేగంగా తిరిగే అపకేంద్ర యంత్రం కట్టి అందులో హిమోగ్లోబిన్ వేసి చూశాడు. గుంపులైతే కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి ఉండాలి, ఒక్కోటి ఒక్కో వేగంతో దిగాలి. హిమోగ్లోబిన్ మాత్రం అంతా ఒకే వేగంతో, ఒకే గీతగా దిగింది. అన్ని కణాలదీ ఒకే బరువు, అరవై వేలకు పైన. గుంపుకు అలాంటి క్రమశిక్షణ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక డీఎన్ఏ. మొదటి క్రోమోజోములో దాదాపు 25 కోట్ల క్షార జంటలు, అంటే డీఎన్ఏ నిచ్చెనలో మెట్లు. జంటకూ జంటకూ మధ్య దూరం 0.34 నానోమీటర్లు. గుణించి చూడండి, ఎనిమిది సెంటీమీటర్లకు కాస్త పైన వస్తుంది. వెడల్పు మాత్రం రెండు నానోమీటర్లే. అందుకే పొడవు వేలెడంత ఉన్నా కంటికి కనిపించదు. ఇక్కడ మీ అనుమానానికి కొంత న్యాయం ఉంది. డీఎన్ఏ రెండు పేటల తాడు, ఒక్కో పేట మొదటి నుంచి చివరి దాకా గట్టి బంధాలతో కట్టినది. రెండు పేటలను కలిపి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, పక్కపక్క క్షారాల పేర్పు. వేడి చేస్తే పేటలు విడిపోతాయి, మెల్లగా చల్లారిస్తే మళ్లీ జత కూడుతాయి. కాబట్టి ఒక పేటను ఒక అణువనడంలో ఎవరికీ పేచీ లేదు. రెండు పేటలనూ కలిపి ఒక అణువనడం అలవాటు. కణం ఆ రెంటినీ ఒకటిగానే చూసుకుంటుంది కనుక ఆ అలవాటు నాకు సమ్మతమే.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒక మాట చేరుస్తాను. బృహదణువులన్నీ ఒకే పద్ధతిలో ఉండవు. ఇన్సులిన్ ఫార్ములా కచ్చితంగా రాయవచ్చు: 257 కార్బన్లు, 383 హైడ్రోజన్లు, 65 నైట్రోజన్లు, 77 ఆక్సిజన్లు, 6 సల్ఫర్లు, మొత్తం 788 పరమాణువులు. మనిషి ఇన్సులిన్ ఏ అణువును తీసుకున్నా ఇంతే. సెల్యులోజ్‌కు అలా రాయలేం. అది గ్లూకోజ్ ముక్కల గొలుసు. ఒక గొలుసులో రెండు వేల ముక్కలుంటే పక్క గొలుసులో అయిదు వేలు ఉండవచ్చు. పుస్తకంలో దాని అణుభారం కనిపిస్తే అది సగటు మాత్రమే. స్థిర నిష్పత్తి అనే పాత సూత్రాన్ని పట్టుకుని చూస్తే ప్రోటీన్ సమ్మేళనాల వరుసలో దర్జాగా నిలబడుతుంది, సెల్యులోజ్ కొంచెం తడబడుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా చెబితే ఎంతో బాగుండేది.

ప్రశ్న: ప్రయోగశాలలో తయారైన విటమిన్ సి ‘కెమికల్’ అనీ, మొక్కల్లోంచి తీసినదే ‘జీవం ఉన్నది’ అనీ మా బంధువు ఒకరు వాదిస్తున్నారు. ఏది నిజం? — ఒక పాఠకురాలు

జవాబు: విటమిన్ సి చిన్న సమ్మేళనం. ఆరు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు, అణుభారం 176. ఇరవై పరమాణువుల అణువులో తాను ఎక్కడ పుట్టిందో గుర్తుపెట్టుకునే చోటు లేదు. మొక్క కట్టినా మనిషి కట్టినా అదే అమరిక, అదే వంపు, అదే పని. శరీరం ఆ రెండింటినీ వేరు చేయలేదు. మొక్కలో దానితోపాటు వేరే పదార్థాలు ఉంటాయన్నది నిజం, కానీ అది వాటి గొప్ప, ఈ అణువు గొప్ప కాదు. మీ బంధువు చెప్పిన రెండో మాట కూడా సరిచేయాలి. ‘కెమికల్’ కానిది మొక్కలోనూ లేదు, మన ఒంట్లోనూ లేదు.

ప్రశ్న: కీళ్లవాతానికి నాకు యాంటీబాడీ ఇంజెక్షన్ ఇస్తున్నారు. మామూలు మాత్రలకు ‘జెనరిక్’ ఉన్నట్టు దీనికి జెనరిక్ లేదు, ‘బయోసిమిలర్’ ఉందన్నారు. పేరులో ఈ తేడా ఎందుకు? ఈ మందు మాత్రగా ఎందుకు రాదు? — అరవయ్యేళ్ల పాఠకుడు

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ జవాబు అణువు పరిమాణంలోనే ఉంది.

ఆస్పిరిన్‌లో ఉన్నవి 21 పరమాణువులు, అణుభారం 180. దాన్ని ఏ కర్మాగారం తయారు చేసినా చివరికి వచ్చేది అదే అణువు. అదే అని పరికరాలతో నిరూపించనూ వచ్చు. అందుకే దాన్ని ‘అదే మందు’ అనగలరు, జెనరిక్ అంటే అదే.

మీ యాంటీబాడీ ఒక ప్రోటీన్, దాని అణుభారం సుమారు 1,50,000. అందులో నాలుగు గొలుసులు, 1300కు పైగా అమైనో ఆమ్లాలు. ఇలాంటి దాన్ని కుండలో రసాయనాలు కలిపి వండరు, బతికి ఉన్న కణాలను పెంచి వాటిచేత కట్టిస్తారు. గొలుసులోని వరుసను జన్యువు నిర్ణయిస్తుంది కనుక అది తప్పదు. కానీ కణం ఆ గొలుసు మీద అక్కడక్కడా చక్కెర కొమ్మలు అతికిస్తుంది. ఆ కొమ్మలకు జన్యువులో నేరుగా రాసిన పట్టిక లేదు. కణం జాతిని బట్టి, అది పెరిగిన తొట్టెలోని ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, పోషకాలను బట్టి కొమ్మలు కొద్దిగా మారుతాయి. అసలు తయారీదారు ఈ ఏడాది తీసిన మందుకూ, వచ్చే ఏడాది తీసే మందుకూ మధ్య కూడా చిన్న చిన్న తేడాలు ఉంటాయి. అందుకే రెండో తయారీదారు తన మందును ‘అదే’ అనలేడు. ‘వైద్యపరంగా తేడా లేనంత దగ్గరిది’ అని పరీక్షలతో చూపించాలి. బయోసిమిలర్ అన్న పేరులో ఉన్నది ఆ నిజాయితీయే. నాసిరకం అని మాత్రం అర్థం చేసుకోకండి.

మాత్ర ఎందుకు కాదంటే, మన జీర్ణాశయం ప్రోటీన్లను కోయడానికే ఉంది. అక్కడి ఎంజైములకు మీ మందు అనీ, మామూలు ఆహారమనీ తెలియదు, గొలుసు కనిపిస్తే ముక్కలు చేస్తాయి. ముక్కలు కాకుండా తప్పించుకున్నా, అంత పెద్ద అణువు పేగు గోడను దాటి రక్తంలోకి చేరడం కష్టం. ఆస్పిరిన్ లాంటి చిన్న అణువుకు ఈ రెండు గండాలూ లేవు. ఇన్సులిన్‌ను సూదితో ఇవ్వడానికీ కారణం ఇదే. మీ ఇంజెక్షన్‌ను చల్లగా ఉంచమనీ, గట్టిగా కుదపవద్దనీ చెప్పి ఉంటారు, తప్పక పాటించండి. బాగా కుదిపితే గాలి బుడగల అంచున గొలుసుల మడత విప్పుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ 90 డిగ్రీల తొట్టె నాకు నేర్పిన పాఠమే ఇది కూడా. మందు మార్చడం గురించి నిర్ణయం మాత్రం మీ వైద్యుడితో మాట్లాడి తీసుకోండి.

ప్రశ్న: కొవ్వులను కూడా జీవ బృహదణువుల్లో కలిపి చెబుతారు. సరైనదేనా? — ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, సరైనది కాదు. కొవ్వు అణువు భారం ఎనిమిది తొమ్మిది వందల దగ్గర ఉంటుంది, గొలుసుగా కట్టిన ముక్కలూ ఉండవు. కణత్వచంలో కొవ్వులు కోట్ల సంఖ్యలో పక్కపక్కన చేరి పెద్ద పొర కడతాయి, కానీ అది నిజంగానే గుంపు, ఒక్క అణువు కాదు. ప్రోటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు (డీఎన్ఏ, ఆర్ఎన్ఏ), పాలిసాకరైడ్‌లు (సెల్యులోజ్ లాంటి చక్కెర గొలుసులు) — బృహదణువులు ఈ మూడే అని పిల్లలకు చెప్పండి. నాలుగో గడిలో కొవ్వులను పెట్టేది సౌకర్యం కోసమే అని కూడా చెప్పండి.

ప్రశ్న: మడత పోయిన ప్రోటీన్‌ను మళ్లీ మునుపటిలా చేయవచ్చా? జీవి సాయం లేకుండా, సీసాల్లోని రసాయనాలతో మనిషి ఒక ప్రోటీన్‌ను మొదటి నుంచి కట్టగలిగాడా? కట్టినా అందులో ‘జీవం’ ఉంటుందా అని మా అబ్బాయి అడిగాడు, నాకు చెప్పడం రాలేదు. — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడిగినదానికి జవాబు దొరకడానికి రసాయన శాస్త్రానికి 141 ఏళ్లు పట్టింది.

1828లో ఫ్రెడ్రిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ తయారు చేయాలని కూర్చున్నాడు. చేతికి తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. పరీక్షిస్తే అది యూరియా. అప్పటిదాకా యూరియా అంటే ప్రాణుల మూత్రంలోంచి తీసేది మాత్రమే. జీవుల్లోని పదార్థాలు తయారు కావడానికి ‘జీవశక్తి’ ఏదో కావాలని ఎంతోమంది నమ్మిన కాలం అది. మూత్రపిండం అక్కర్లేకుండానే తాను యూరియా చేశానని వోలర్ తన గురువు బెర్జీలియస్‌కు సంతోషంగా రాశాడు. ఆ ఒక్క ప్రయోగంతో జీవశక్తి అనే నమ్మకం కూలిపోయిందని కథలా చెబుతారు కానీ అది నిజం కాదు. నమ్మకం మెల్లమెల్లగా వెనక్కి జరిగింది. చిన్న అణువులు సరే, ప్రోటీన్ల మాటేమిటి అంటూ అక్కడ తలదాచుకుంది.

అక్కడినుంచి దాన్ని కదిలించిన మొదటి దెబ్బ సమ్నర్‌ది. ఎంజైమ్ అంటే ప్రోటీన్ అనీ, చక్కెర లాగా, ఉప్పు లాగా స్ఫటికంగా కట్టే మామూలు పదార్థమేననీ ఆయన యూరియేజ్‌తో చూపించాడు. చాలామంది ఒప్పుకోలేదు. నోబెల్ బహుమతి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది, 1946లో. చిన్నప్పుడే ప్రమాదంలో ఎడమచేయి మోచేతి దగ్గర పోయింది ఆయనకు, అదీ ఎడమచేతి వాటం మనిషి. ప్రయోగశాల పనంతా ఒక్క కుడిచేత్తోనే చేశాడు. యూరియేజ్ స్ఫటికాలు చూసిన ప్రతిసారీ నాకు ఆ చేయి గుర్తుకొస్తుంది.

తర్వాతిది క్రిస్టియన్ అన్ఫిన్సెన్ పని, మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులో ఉంది. ఆయన తీసుకున్నది రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్. 124 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు, గొలుసును అడ్డంగా కట్టే నాలుగు సల్ఫర్ ముడులు. ఈ ఎంజైమ్ పని ఆర్ఎన్ఏను కోయడం. దాన్ని గాఢమైన యూరియా ద్రావణంలో వేసి, సల్ఫర్ ముడులు విప్పాడు. అవునమ్మా, మళ్లీ యూరియాయే. ఆ ఎనిమిది పరమాణువుల చిన్న అణువు బాగా చిక్కగా ఉంటే ప్రోటీన్ మడతను విప్పేస్తుంది. గొలుసు విడిపోయింది, ఎంజైమ్ పని ఆగిపోయింది. అప్పుడు యూరియాను, ముడులు విప్పిన పదార్థాన్ని మెల్లగా తొలగించి గాలి తగలనిచ్చాడు. గొలుసు తనంతట తానే ముడుచుకుంది. ఎనిమిది సల్ఫర్లు జతలుగా కలవడానికి 105 రకాల దారులు ఉన్నాయి, అవి సరైన ఒక్క దారినే పట్టాయి. ఎంజైమ్ మళ్లీ పనిచేసింది. ఎలా మడవాలో చెప్పడానికి పైనుంచి ఎవరూ రాలేదు. ఆ సూచన అంతా అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంది. 1972 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది.

అన్ని ప్రోటీన్లూ ఇలా తిరిగి రావు. నా యూరియేజ్ రాలేదు. వేడికి విప్పుకున్న గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడిపోతే వెనక్కి దారి మూసుకుపోతుంది. కణంలోనూ ఆ ప్రమాదం ఉంది కనుకనే, మడత పడుతున్న గొలుసులు అంటుకోకుండా కాపలా కాసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి.

ఇక సీసాల సంగతి. బ్రూస్ మెరిఫీల్డ్ ఒక పద్ధతి కనిపెట్టాడు. సన్నని ప్లాస్టిక్ పూసలకు మొదటి అమైనో ఆమ్లాన్ని అతికించాలి, దాని మీద రెండోది, దాని మీద మూడోది. ఒక్కోటి చేర్చాక మిగిలిన రసాయనాలన్నీ కడిగేయాలి, గొలుసు మాత్రం పూసకు అంటుకునే ఉంటుంది. ఈ పనిని యంత్రంతో చేయించాడు. అలా ఆయన, బెర్న్డ్ గుట్టె కలిసి కట్టడానికి ఎంచుకున్నది అన్ఫిన్సెన్ విప్పి చూపిన ఆ రైబోన్యూక్లియేజ్‌నే. 124 అమైనో ఆమ్లాలు, 369 రసాయన చర్యలు, యంత్రానికి 11,931 అంచెలు. చివరికి గొలుసును పూసల నుంచి విడదీసి, శుద్ధి చేసి, ముడుచుకోనిచ్చారు.

1969లో ఆ ఫలితం అచ్చయింది. ఏ కణమూ తాకని ఆ పొడిని నీటిలో కరిగించి ఆర్ఎన్ఏ కలిపితే, అది ఆర్ఎన్ఏను కోసింది.